మూడు అనకముందే

గుండీలక్క చేసే ఉద్యోగమేంటో ఆమె అత్తగారికి పదకొండేళ్లయినా బుర్రకెక్కలేదు.

"డాక్టరువా?"

"కాదత్తయ్యా."

"పోనీ టీచరువా?"

"అదీ కాదు. కొంతమంది పిల్లలకి వయసొచ్చినా చిన్నచిన్న పనులు చేతకావు. చొక్కా గుండీ పెట్టుకోవడం, చెంచా పట్టుకోవడం, బంతి పట్టుకోవడం. అవి నేర్పిస్తాను."

"దీనికి నాలుగున్నరేళ్లు చదివావా!" అని పెద్దావిడ ముక్కున వేలేసుకునేది.

గుండీలక్క నవ్వేసేది. ఆ చదువు పేరు ఆక్యుపేషనల్ థెరపీ. పిల్లలకి ఆ పేరు పలకడానికే ఇంకో థెరపీ కావాలి. అందుకే వాళ్లు మొదటిరోజు కనబడిన దాన్ని బట్టి గుండీలక్క అనేశారు. మందుల షాపు పక్కన ఇరుకు మెట్లెక్కితే ఆమెవి రెండు గదులు. మొదటి గదిలో చిన్నా పెద్దా గుండీలు కుట్టిన గుడ్డలు, జిప్పుల సంచులు, బూటు లేసులు కట్టిన చెక్కలు. రెండో గదిలో నేలంతా పరుపులు, పైకప్పుకి ఒక ఉయ్యాల, మూలన వల సంచిలో నలభై బంతులు. పొద్దస్తమానం అక్కణ్ణించి దబదబా చప్పుళ్లూ కిలకిలలూ వినబడుతుంటే, పైన నడిచేది వైద్యమంటే కింద షాపువాడు ఈనాటికీ నమ్మడు.

ఆ గదికి ఎనిమిది నెలలుగా వస్తోంది పిట్ట. తొమ్మిదేళ్లు. మాటల్లో గడుసు, లెక్కల్లో చురుకు. కంటికీ చేతికీ మధ్య కబురు వెళ్లడానికి మాత్రం కాస్త టైం పడుతుంది, అంతే. ఆ కాస్త టైం ఎవరూ ఇవ్వలేదు. డాన్సు క్లాసువాళ్లు వరస చెడుతోందన్నారు. ఈత క్లాసువాళ్లు మాకు భయమన్నారు. ఇప్పుడు గదిలో ఇరవై బంతులేస్తే పిట్ట పంతొమ్మిది పట్టేస్తోంది. ఇక నలుగురిలోకి తీసుకెళ్లాలని గుండీలక్క ముచ్చటపడింది.

పిట్ట వాళ్లమ్మ కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. "తీసుకెళ్లండి మేడమ్. కానీ అక్కడ కూడా పొమ్మన్నారనుకోండి, మళ్లీ దాన్ని ఏ ఆటకీ పంపను. పంపిన ప్రతిసారీ ఇంటికొచ్చి మంచం కింద దూరేది నా పిల్లే."

పేటలో పిల్లలు ఆడే చోటు ఒక్కటే. అపార్టుమెంట్ల వెనక సిమెంటు బాస్కెట్‌బాల్ కోర్టు. దానికి సర్వాధికారి డ్రైవర్ తాత. ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరయ్యాడు, ఇప్పుడు పిల్లల్ని నడుపుతున్నాడు. ఆదివారం పొద్దున ఐదున్నరకల్లా టీములో పిల్లలు ఎవరి చీపురు వాళ్లు పట్టుకొచ్చి కోర్టు ఊడవాలి. మిగతావాళ్లు ఆరింటికొచ్చి మెట్లమీద కూర్చోవాలి, ఆఖరి పావుగంట ఆడొచ్చు. అందుకే అక్కడ పిల్లల్లో రెండే జాతులు, చీపురువాళ్లు, మెట్లవాళ్లు. చీపురు పట్టుకోవడానికి పిల్లలు ఏడ్చి గీపెట్టే చోటు ప్రపంచంలో అదొక్కటే అయ్యుండాలి.

"నాలుగు ఆదివారాలు చూస్తా. నా దగ్గర జాలి మాత్రం దొరకదు" అన్నాడు తాత, పిట్టని టీములో చేర్చుకోమని అడిగితే.

"జాలి మాకూ వద్దు బాబాయ్‌గారూ" అంది గుండీలక్క, గొప్పగా.

మొదటి ఆదివారం ఆ గొప్ప కాస్తా ఆవిరైంది. పిట్ట ఒక్క బంతి పట్టలేదు. ఒకటి భుజానికి తగిలింది, ఒకటి పొట్టకి, మిగతావి పక్కనుంచి పోతుంటే బస్సు మిస్సయినవాళ్లలా చూస్తూ నిలబడింది.

గుండీలక్క ఆ వారమంతా జుట్టు పీక్కుంది. గోల ఎక్కువైందేమో, ఎండ కళ్లలో పడిందేమో. రెండో ఆదివారం పిట్టకి టోపీ పెట్టింది, చెవుల్లో దూది పెట్టింది, విజిలు మానేసి రుమాలు ఊపమని తన రుమాలే తాత చేతిలో పెట్టి బతిమాలింది.

"ముప్పై ఏళ్లు హారన్ లేకుండా బండి తియ్యలేదు. ఇప్పుడు రుమాలూపి ఆట నడపాలా?" అని గొణుగుతూనే తాత రుమాలు ఊపాడు. ఫలితం సున్నా.

ఆరోజు అత్తగారు కూడా వచ్చింది, ఈ బంతుల ఉద్యోగమేంటో కళ్లారా చూస్తానని. మెట్లమీద కాళ్లు చాపుక్కూర్చుని అంతా చూసి, మెల్లగా అడిగింది.

"అమ్మాయ్, ఆటకి ముందు పక్కకి తీసుకెళ్లి నువ్వు వేసినప్పుడు పదికి పదీ పట్టిందిగా?"

"పట్టింది. అదే కదత్తయ్యా నా బాధ!"

"నువ్వేసేటప్పుడు ఒకటి, రెండు, మూడు అంటున్నావు. వాళ్లెవరూ అనట్లేదేం?"

"నేనంటున్నానా?"

"ప్రతిసారీ. ఆ పిల్ల బంతి వంక చూడట్లేదు, నీ నోటి వంక చూస్తోంది."

గుండీలక్క నెత్తి కొట్టుకుంది. మొదటి నెలలో పిట్ట బెదిరిపోకుండా లెక్కపెట్టడం మొదలెట్టింది నిజమే. సాయం చెయ్యాలి, తర్వాత కొంచెం కొంచెంగా సాయం తీసెయ్యాలి. చదువులో మొదటి ఏడాదే చెబుతారు ఇది. మొదటి సగం శ్రద్ధగా చేసి, రెండో సగం శుభ్రంగా మర్చిపోయింది. పిట్ట నేర్చుకున్నది బంతి పట్టడం కాదు, 'మూడు' పట్టడం.

మర్నాటి నుంచి గదిలో నోరు మూసుకుని వేసింది. పిట్ట చేతులు గాల్లో బిగుసుకుపోయాయి.

"మూడు అనవేంటక్కా? అనకపోతే అదెప్పుడొస్తుందో నాకెలా తెలుస్తుంది?"

న్యాయమైన ప్రశ్న. వారం రోజులు తంటాలు పడితే ఇరవైకి నాలుగు దక్కాయి.

మూడో ఆదివారం గుండీలక్క పిల్లలందర్నీ పోగేసి దాపరికం లేకుండా చెప్పేసింది. "తప్పు పిట్టది కాదు, నాది. లెక్కపెడితేనే పట్టేలా అలవాటు చేశాను."

టీము కెప్టెను మైకు. పదకొండేళ్ల పిల్ల, ఆ గొంతుకి వేరే పేరు పెట్టడం ఎవరి వల్లా కాలేదు. "ఓస్, అంతేనా? దీనికా టోపీలూ దూదులూ! మేమే లెక్కపెడతాం. ఏయ్, అందరూ వినండి, పిట్టకి వేసేటప్పుడు ఒకటి రెండు మూడు అనాలి. ఎవరైనా మర్చిపోతే వాళ్ల చీపురు నేను విరిచేస్తా!"

చీపుర్ల మీద భయంతో అందరూ అరిచి మరీ వేశారు. పిట్ట మొదటిసారి కోర్టులో మూడు బంతులు పట్టింది. మెట్లమీద వాళ్లమ్మ చేతిసంచీని గట్టిగా గుండెకి హత్తుకుంది. కానీ పిట్ట కూడా బంతి వేసేముందు లెక్కపెడుతోంది, అదీ పైకి. 'మూడు' వినగానే అవతలి జట్టువాళ్లు మధ్యలో ఎగిరి తన్నుకుపోతున్నారు.

"ఇది ఆటా, ఎక్కాల బడా?" అన్నాడు తాత, పిట్ట ఎదురుగానే. "మూడుకి వేస్తామని అవతలివాళ్లకి ఉత్తరం రాసి మరీ వేస్తున్నారు. ఇంకొక్క ఆదివారం. ఆపైన నన్నడక్కండి."

పిట్ట మెట్టు మీద కూర్చుని బూటు లేసు విప్పి కట్టి, విప్పి కట్టి, ఇంటికెళ్లిపోయింది. ఆ వారమంతా గుండీలక్కకి అన్నం సయించలేదు. తన మతిమరుపుకి పిట్ట మళ్లీ మంచం కింద దూరాలా?

నాలుగో ఆదివారం ఆఖరి పావుగంట. గుండీలక్క, అత్తగారు, పిట్ట వాళ్లమ్మ మెట్లమీద వరసగా, పరీక్ష ఫలితాలకి కూర్చున్నట్టు కూర్చున్నారు. మైకు లెక్కపెట్టి వేసింది, పిట్ట పట్టింది. అవతలి జట్టువాళ్లు ముగ్గురు చేతులు చాచి ముసిరారు. మైకు బుట్ట కిందకి పరిగెత్తింది.

"ఒకటీ..." అంది పిట్ట, కోర్టంతా వినబడేలా.

ముగ్గురూ మోకాళ్లు వంచారు.

"రెండూ..."

ముగ్గురూ ఎగరడానికి ఊపిరి బిగబట్టారు. మెట్లమీద గుండీలక్క పెదవులు 'మూ' దగ్గర ఆగాయి. బంతి మాత్రం ఆగలేదు. 'రెండు' నోట్లో ఉండగానే పిట్ట చేతుల్లోంచి దూసుకుపోయింది. ఆ ముగ్గురూ నేలమీదే ఉండిపోయారు. మైకు కూడా మూడు కోసమే చూస్తోందేమో, బంతి ధబ్బున వచ్చి ఛాతీకి తగిలింది. "అమ్మో!" అంటూనే రెండు చేతులా పొదివి పట్టుకుని బుట్టలో వేసేసింది.

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత మైకు అరిచిన అరుపుకి మూడో అంతస్తులో కిటికీ తెరుచుకుంది.

"మోసం! మూడు అనలేదు!" అన్నాడు అవతలి జట్టులో ఒకడు.

"మూడుకే వేస్తానని నేను చెప్పానా?" అంది పిట్ట.

అత్తగారు కడుపు పట్టుకుని నవ్వుతోంది. "ఏమ్మా, నువ్వు కూడా మూడు కోసమే చూస్తున్నావా! నీ నోరు ఇంకా తెరుచుకునే ఉంది." గుండీలక్క నోరు మూసుకుంది. కళ్లు తుడుచుకోవడానికి రుమాలు వెతికితే అది రెండో ఆదివారం నుంచీ తాత చేతిలోనే ఉంది.

తాత ఆ రుమాలు మడిచి తెచ్చిచ్చి, పిట్ట వాళ్లమ్మ ముందు ఆగాడు.

"వచ్చే ఆదివారం ఆరింటికి తీసుకురాకండి" అన్నాడు.

ఆమె చేతిసంచీ అందుకుని లేవబోయింది.

"ఐదున్నరకి తీసుకురండి. చీపురు మీదే. పొడుగుది కొనండి, పిల్ల పొట్టిది."

ఆ మరుసటి ఆదివారం పిట్ట ఐదుంపావుకే వచ్చేసింది. పిడికి గుండీలు కుట్టిన గుడ్డ చుట్టిన చీపురుతో, ఊడ్చిన చోటే మూడుసార్లు ఊడ్చింది. పక్కనే దుమ్ములో నిలబడి అత్తగారు కోడలికి ఒక్క సంగతి స్పష్టంగా చెప్పింది.

"నాలుగున్నరేళ్లు సరిపోలేదు నీకు. ఇంకో ఏడాది చదవాల్సింది."