ఉప్పు ఒక్కరే వెయ్యాలన్న మాస్టారు

అందరూ బాగున్నారా? క్లారినెట్టు వాయించే బాబుగారికి దగ్గు తగ్గిందా? మంచులో మెడకి తువ్వాలు చుట్టుకోకుండా తిరగొద్దని ఆయన ఇంటికి కబురు పెట్టాను, అందిందో లేదో. డ్రమ్ములు వాయించే తమ్ముడికి మోకాలి వాపు ఎలా ఉంది? బేసు గిటారాయన ముమ్మిడివరం నుంచి బండి మీదే వస్తున్నాడట, తలకి హెల్మెట్ పెట్టుకుంటున్నాడా? ఇది చదివే మిగతావారి ఇళ్ళలో కూడా పిల్లాపెద్దా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేనూ మా చిన్నమ్మాయీ బాగానే ఉన్నాం. మా మేడమీద మాస్టారే లేరు.

నెల కిందట ఒక బుధవారం పొద్దున్న, రెండో కాఫీ కోసం కుర్చీలో కూర్చున్న మనిషి వాళ్ళావిడ గ్లాసు తెచ్చేలోపు వెళ్ళిపోయారు. "వదినగారూ, ఒక్కసారి పైకి రండి" అని ఆవిడ మెట్ల మీద నుంచి పిలిచింది. గొంతు మామూలుగానే ఉంది. నేను పాలు దింపి, చెయ్యి తుడుచుకుని, తీరుబడిగా మెట్లెక్కాను. కాకి అరిస్తే భయపడేదాన్ని, ఫోను మోగితే భయపడేదాన్ని, ఆ ఒక్క పిలుపుకి భయపడలేదు.

ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఈ చిన్న పుస్తకం వేస్తూ నన్ను కూడా నాలుగు ముక్కలు రాయమన్నారు. నేను ఐదో క్లాసుతో ఆపేసినదాన్ని. వాక్యం ఎక్కడ ముగించాలో తెలియదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఆయన విషయంలో నేనొక పని చేశాను. అది నా గుండెలో రాయిలా కూర్చుంది.

మాస్టారూ ఆవిడా మా కొత్తపేట ఇంటికి అద్దెకి వచ్చినప్పుడు సామాను కంటే ముందు పియానో వచ్చింది. మస్కట్‌లో ఒక హోటల్లో పాతికేళ్ళు వాయించిన మనిషి, దాన్ని ఓడలో వేయించుకుని తెచ్చుకున్నారు. ఆరుగురు మనుషులు కొబ్బరి మోకులు కట్టి మేడమీదకి ఎక్కించారు. నాకేమో శ్లాబు కూలిపోతుందని భయం. పియానో పెట్టిన చోటికి సరిగ్గా కింద, మా వంటింటి కప్పులో వెంట్రుకంత చీలిక ఒకటుంది. అది ఎక్కడిదాకా ఉందో స్టూలెక్కి పెన్సిలుతో గీత గీసుకున్నాను. రోజూ పొద్దున్నే చూసుకునేదాన్ని, గీత దాటిందా అని. ఈ సంగతి తెలిసి మాస్టారు నవ్వారు. "అక్కగారూ, మీ భయానికి కూడా తాళం ఉందండీ. రోజూ ఒకే టైముకి పడుతుంది" అన్నారు.

ఆయన వాయించేది జాజ్ అని, విదేశాలవాళ్ళ సంగీతం. నాకు అర్థమైనంత వరకు చెప్తాను. ఒకరు ముందు నిలబడి పాట నడిపిస్తూ ఉంటే వెనక నుంచి ఒకరు స్వరాలు గుత్తులు గుత్తులుగా అందిస్తూ ఆసరాగా ఉంటారు. ఇవాళ వాయించినట్టు రేపు వాయించరు. ఎదుటివాళ్ళ మాట విని అప్పటికప్పుడు జవాబు చెప్పాలి. ఆ ఆసరా పియానో ఇవ్వొచ్చు, గిటారైనా ఇవ్వొచ్చు. గొడవంతా అక్కడే వచ్చింది.

మా చిన్నమ్మాయి కువైట్‌లో తొమ్మిదేళ్ళు ఒకరింట్లో పని చేసింది. ఆ ఇంటి పిల్లలకి గిటారు నేర్పే మాస్టరు చెప్పేది తలుపు పక్క నుంచి విని, వాళ్ళు విసుగొచ్చి పారేసిన గిటారు మీద తనంతట తాను నేర్చుకుంది. మా మేడ ఆ కువైట్ కష్టంతో కట్టిందే. తిరిగొచ్చేసరికి ఆమె భర్త వేరే సంసారం పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఇంట్లో ఆమె మాటే వినపడేది కాదు. తిన్నావా అంటే ఊఁ, పడుకున్నావా అంటే ఊఁ. సాయంత్రం పెరట్లో అరటిచెట్ల దగ్గర కూర్చుని గిటారు మీటుకునేది. అదొక్కటే ఆమె నోరు.

ఒకరోజు మాస్టారు సగం మెట్లు దిగి ఆగారు. "అక్కగారూ, అది రేడియో కాదు కదండీ?" అని అడిగారు. కాదన్నాను. చెప్పులు కూడా వేసుకోకుండా పెరట్లోకి వెళ్ళిపోయారు.

అప్పటికే పెళ్ళి మేళంలో క్లారినెట్టు వాయించే బాబుగారు, కొబ్బరిపీచు కొట్టు నడిపే డ్రమ్ముల తమ్ముడు, కరెంటు పని చేసే బేసు గిటారాయన సాయంత్రాలు పైకి వచ్చి ఆయన దగ్గర సాధన చేసేవారు. మా అమ్మాయి ఐదో మనిషి అయింది. కిరాణా కొట్టు దగ్గర ఒకావిడ, "మీ అమ్మాయిని పెళ్ళి బ్యాండులో చేర్చేరటగా అండీ" అని నలుగురిలో అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. వెనకాలే ఉన్న మాస్టారు, "ఆయ్, చేర్చేమండీ. కానీ మీ ఇంట్లో పెళ్ళికి పిలవకండి. మేం కూర్చుని వాయించేవాళ్ళం, ఊరేగింపులో నడవలేం" అన్నారు. ఆవిడ కూడా నవ్వేసింది.

ఒక ఆదివారం వాళ్ళందరికీ మా ఇంట్లోనే భోజనం. అమ్మాయి ఆనపకాయ పులుసు పెట్టింది. అది ఉప్పు వెయ్యడం మరిచిపోయి ఉంటుందని నా భయం. రుచి చూస్తే ఎంగిలవుతుంది. అడిగితే చిన్నబుచ్చుకుంటుంది. అది అటు తిరగ్గానే నేనొక గుప్పెడు వేశాను. అది ముందే వేసిందట. మాస్టారు మొదటి ముద్ద మింగి, నీళ్ళు తాగి, మా ఇద్దరి మొహాలూ చూశారు. "ఇదేనండీ నెల్రోజుల నించీ మన పాటకి పట్టిన జబ్బు. పియానో ఉప్పు వేస్తోంది. వేసిందో లేదోనని గిటారూ వేస్తోంది. ఉప్పు ఒక్కరే వెయ్యాలండీ" అన్నారు.

బాబుగారు అదే అదనుగా మనసులో మాట చెప్పేశారు. ఇద్దరూ ఒకేసారి వెనక నుంచి అందిస్తుంటే తనకి ఊపిరి తీసుకునే చోటు ఉండడం లేదని, ఒకరు ఉంటేనే పాట నిలబడుతుందని. రాజోలు దగ్గర గోదారి గట్టున ఒక రిసార్టులో వీళ్ళ మొదటి కచేరీ పది రోజుల్లో ఉంది. పియానోనా గిటారా అన్నది ఆలోగా చెప్తానని మాస్టారు చెయ్యి కడుక్కుని లేచారు. అమ్మాయి విస్తళ్ళు తీస్తూ తల ఎత్తలేదు. జట్టు కట్టింది ఆయన, పెద్దాయన, నేర్పేది ఆయన. మానుకోవలసింది ఎవరో ఎవరూ చెప్పక్కర్లేదు అనుకున్నాం అందరం. ఆ సాయంత్రం పెరట్లో గిటారు వినపడలేదు. మర్నాడూ లేదు.

మూడోనాడు నేను పనసపొట్టు కూర గిన్నె పట్టుకుని పైకి వెళ్ళాను. వాళ్ళావిడ బజారుకి వెళ్ళిన వేళ చూసుకునే వెళ్ళాను. మాస్టారు పియానో మెట్లు మెత్తటి గుడ్డతో ఒక్కొక్కటే తుడుస్తున్నారు, చంటిపిల్లకి వేళ్ళు తుడిచినట్టు. అది చూశాకైనా నేను వెనక్కి రావలసింది. రాలేదు. "మాస్టారూ, మీకు ఇన్నేళ్ళు వాయించిన తృప్తి ఉంది. దానికి ఇదొక్కటే ఉందండీ" అన్నాను. ఆయన గుడ్డ మడిచి పక్కన పెట్టారు. కూర గిన్నె మూత తీసి వాసన చూశారు. "ఆవ బాగా పడిందండీ" అన్నారు.

కచేరీనాడు వ్యానులో పియానో ఎక్కించలేదు. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి మొదటి వరసలో నా పక్క కుర్చీలో కూర్చున్నారు. గిటారు ఎందుకుంచారని బాబుగారు అడిగితే, "గోదారి గట్టు మీద గాలి ఎక్కువండీ, తేలిగ్గా ఉండేదే మేలు" అని నవ్వించారట. మా అమ్మాయి వాయించింది. ఆమె మొహంలో వెలుగు చూసి ఎన్నేళ్ళయిందో, నాకు ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని పక్కకి చూశాను. మాస్టారి రెండు చేతులూ మోకాళ్ళ మీద ఉన్నాయి. పది వేళ్ళూ పంచె మీద కదులుతున్నాయి. మధ్యమధ్య ఆగుతున్నాయి, మళ్ళీ కదులుతున్నాయి.

ఆ తర్వాత ఎనిమిది నెలలు ప్రతి సాధనకీ ఆయన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. తప్పులు దిద్దారు. పియానో మూత మాత్రం నేనున్నప్పుడు ఎప్పుడూ తియ్యలేదు. ఆ మూత మీద పాత దుప్పటి ఒకటి మడతపెట్టి కప్పారు. ఎనిమిది నెలలూ నేను కప్పులో చీలికే చూసుకున్నాను గాని ఆయన మొహం సరిగ్గా చూడలేదు. బుధవారం నాడు ఆ కుర్చీ దగ్గర నిలబడ్డాక మొదటిసారి నాకు ఇది తట్టింది: ఆ చేతులు ఆపింది నేనే. వేళ్ళు ఆగితే మనిషి ఆగిపోతాడా? డాక్టరుగారు గుండె అన్నారు. నా మనసు ఒప్పుకోలేదు.

పన్నెండో రోజు భోజనాలయ్యాక మెట్ల మీద ఆవిడ పక్కన కూర్చుని ఉన్నదంతా చెప్పేశాను. పనసపొట్టు కూరతో సహా. ఆవిడ చెంగు అంచు వేలికి చుట్టుకుంది.

"నాకు తెలుసండీ వదినగారూ. ఆరోజే చెప్పేరు" అంది. "బాధపడలేదని మీతో అబద్ధం చెప్పను. పడ్డారండీ. వారం రోజులు నాతో కూడా మాట్లాడలేదు. నేను మిమ్మల్ని తిట్టుకున్నాను కూడాను."

చెంగు విప్పి మళ్ళీ చుట్టుకుంది.

"మీరు అడగబట్టే ఇచ్చేరని మాత్రం అనుకోకండి. పియానోతో ఒకసారి, గిటారుతో ఒకసారి టేపులో పట్టిన పాట, రెండూ ఒకదాని తర్వాత ఒకటి నాకు వినిపించేరు. నా పియానో చోటంతా తినేస్తోందే, ఆ అమ్మాయిది చోటు ఇస్తోంది అన్నారు. అది తెలిసినందుకే ఎక్కువ బాధపడ్డారు. మీ కూర వల్ల కాదండీ."

వెనక ఏదో చప్పుడైంది. మా అమ్మాయి మంచినీళ్ళ బిందె చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పటి నుంచి వింటోందో. నా గురించి అడుక్కున్నావా అమ్మా అని అంటుందని, ఇక గిటారు ముట్టదని నా భయం. బిందె దింపింది. మా ఇద్దరికంటే ఒక మెట్టు కింద కూర్చుంది.

"ప్రతి పాటలో ఒకచోట నేను గిటారు మీంచి చెయ్యి ఎత్తేస్తానమ్మా" అంది. "గమనించేవా? మొదటి కచేరీ నించీ. అక్కడ ఆయన వేళ్ళు కదిలేవి, మోకాళ్ళ మీద. నేను చూస్తూ ఆగేదాన్ని. ఆయనది అయ్యేక అందుకునేదాన్ని."

ఆవిడ అప్పుడు ఏడ్చింది. పన్నెండు రోజుల్లో అదే మొదటిసారి.

నా రాయి దిగిందా అంటే, సగం దిగింది. మిగతా సగం ఉండనీ, దాని బరువు నాకు అలవాటే. మాస్టారూ, మా పిల్లకి మీరు చోటిచ్చారు. మీకు నేను ఒక గిన్నె కూరే ఇచ్చాను.

ఆవిడ ఇప్పుడు కె.గంగవరంలో తమ్ముడి ఇంట్లో ఉంటోంది. పియానో అక్కడికే వెళ్ళింది, మళ్ళీ ఆరుగురు, మళ్ళీ మోకులు. మా వంటింటి చీలిక పెన్సిలు గీత దగ్గరే ఉంది. నేను రోజూ చూస్తూనే ఉన్నాను, పైన బరువేమీ లేదని తెలిసి కూడా.

ఆవిడ నిన్న ఫోను చేసింది. వచ్చే ఆదివారం రమ్మంది, అందరినీ. పియానో మూత తీసి, మెట్లు తుడిచి ఉంచుతుందట. ఎవరూ దాన్ని వాయించక్కర్లేదు, దాని ముందు కుర్చీ ఒకటి వేసి మీరు మీ పాట వాయించుకోండి అంది. తొమ్మిది గంటల బస్సు. బాబుగారు తువ్వాలు మరిచిపోవద్దు. పులుసు ఇక్కడి నుంచే తెస్తాం, ఉప్పు మా అమ్మాయే వేస్తుంది. పాటలో ఆమె చెయ్యి ఎత్తే చోటు వచ్చినప్పుడు ఎవరూ ఏమీ అందించకండి. ఆ కుర్చీ వైపు చూస్తూ, అది అయ్యేదాకా ఆగుదాం. ఆదివారం, మరి.