దొరకని వారం

వీక్లీల్లో సీరియళ్ల కోసం జనం కాచుకుని కూర్చునే రోజులవి. సికింద్రాబాద్ స్టేషన్ వెయిటింగ్ రూములో నా పక్కన ఒక పెద్దావిడ, వారం వారం చింపి దారంతో కుట్టుకున్న పేజీలు చదువుతోంది. తొంగి చూశాను. నాతోపాటే రాయడం మొదలుపెట్టి నన్ను దాటిపోయినవాడు ఒక కోట మీద రాసిన చారిత్రక నవల. అదే కోట మీద నేనూ రాశాను. నాది ఎవరూ కుట్టుకోలేదు.

"బాగుందాండీ?" అన్నాను, లేదంటుందేమోనన్న ఆశతో.

"మస్తుంటది సారూ. ఒక్క వారమే దొరకలే. మోండా మార్కెట్ల సుత దేవులాడిన. కోటల చిక్కిన రాణి ఎట్ల బయటపడ్డదో తెల్వక పరేషానైతున్న."

నాకు తెలుసు. తప్పులు పట్టడానికి వాడి సీరియల్ ఒక్క వారమూ వదలను. వాడు రాణిని మూడు వాక్యాల్లో సొరంగంలోంచి పంపేశాడు. అది చెప్పబుద్ధి కాలేదు. నా నవలలో రాణి మైలబట్టల మూట నెత్తిన పెట్టుకుని, కాపలావాడితో పరాచికాలాడుతూ పెద్ద దర్వాజాలోంచే నడిచిపోతుంది. అదే చెప్పాను.

ఆవిడ చెమర్చిన కళ్లకు ఆ పేజీలను అద్దుకుంది.

"ఎంత మంచిగ రాసిండు సారూ ఆయన!"

నా రాతకు అంతటి మెప్పు మళ్లీ ఎన్నడూ రాలేదు.