జడ్జిగారి షెడ్డులో రంగేసిన బండి

దోషిని పట్టుకోనిదే పానా పట్టుకోకపోవడం ఆ మెకానిక్‌కున్న ఒకే ఒక్క జబ్బు. బండికి దానంతటది రోగం రాదనీ, వెనకాల తప్పకుండా ఎవరో మనిషి నిర్వాకం ఉంటుందనీ ఆయన సిద్ధాంతం. అందుకే వీధి వీధంతా ఆయన్ని జడ్జిగారనే పిలుస్తుంది. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుందిగానీ, దాన్ని చదివిన పుణ్యాత్ములు లేరు.

ఒకసారి ఒక లెక్చరరు తన స్కూటరు లాగడం లేదంటూ వచ్చాడు. జడ్జిగారు ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, ఇంట్లో ఎవరెవరు నడుపుతారో, ఎవరికి తొందరెక్కువో, చివరికి ఎవరు ఏ చేత్తో రాస్తారో కూడా అడిగారు. గంటన్నర విచారణ తర్వాత నేరం లెక్చరరు మీదే పడింది. బ్రేకు మీద కాలు తియ్యకుండా నడుపుతున్నారని తీర్పు. సాయంత్రానికల్లా ఆ సంగతి ఇస్త్రీ కొట్టుదాకా పాకింది.

ఇదంతా తెలిసి కూడా, బోర్డులు రాసే పెయింటరు ఒక ఉదయం తొమ్మిదింటికి పాత మోటారుసైకిలు తోసుకుంటూ షెడ్డుకొచ్చాడు. బండి అతని మామగారిది. ముప్ఫై రెండేళ్ళుగా తాళంచెవి జడ్జిగారికి తప్ప పరాయి చేతికివ్వని మనిషి, కూతురు పది రోజులు బతిమాలితే రంగెయ్యడానికి అల్లుడికిచ్చాడు. పదకొండింటికి వచ్చి తీసుకెళ్తానన్నాడు. పాత బండ్ల మిత్రులతో ఆయనకి ప్రయాణముంది. మోకాలి నొప్పితో కిక్కు కొట్టలేడు. మీట నొక్కితేనేమో స్టార్టరు మోటారు మూలుగుతోంది.

జడ్జిగారు మీట నొక్కారు. మోటారు ఒక్క మూలుగు మూలిగి, హెడ్‌లైటుని గుడ్డిదీపం చేసి ఊరుకుంది.

“చివరిగా దీనిమీద చెయ్యేసిందెవరు?”

“నేనేనండీ. రంగేశాను, అంతే.”

“అంతేనో కాదో నేను చెప్పాలి.”

పెయింటరు భయం వేరే. జడ్జిగారూ మామగారూ చిన్ననాటి స్నేహితులు. ఇక్కడి తీర్పు అక్కడికి చేరడానికి పూట కూడా పట్టదు. అల్లుడు బండి పాడుచేశాడన్న మాట ఇంట్లో పడితే తన పరువుతోపాటు, తన కోసం పూచీపడ్డ భార్య మాట కూడా పోతుంది.

జడ్జిగారు మీటరు పెట్టి చూశారు. బ్యాటరీ నిర్దోషి. మోటారు విప్పి లోపలి బ్రష్షులు చూశారు. అవీ నిర్దోషులే. ఒక్కొక్కటీ విడుదలవుతున్నకొద్దీ పెయింటరు గుమ్మం వైపు జరుగుతున్నాడు. షెడ్డులో మిగిలిన ముద్దాయి తనొక్కడే. ఎన్ని పూతలేశావు, ఏయే తీగలు ఊడదీశావు అని అడిగితే, అన్నీ ఊడదీసి, తుడిచి, తిరిగి బిగించానని నిజమే చెప్పాడు. అప్పటికి పదిన్నరయింది.

అప్పుడు జడ్జిగారు ఒక లావు తీగ తీసుకుని, బ్యాటరీ నెగటివు కొస నుంచి నేరుగా ఇంజనుకి ఆనించి మీట నొక్కారు. మోటారు గిర్రున తిరిగింది. ఆయన వెంటనే ఫ్రేముకున్న తీగ బోల్టు విప్పారు. కరెంటు బ్యాటరీకి తిరిగివెళ్ళాలంటే అక్కడ తీగ ఉత్త ఇనుముకి తగలాలి. కానీ పెయింటరు చుక్క ఖాళీ కూడా వదలకూడదని, బోల్టు కింద సైతం మూడు పూతల నలుపు నిగనిగలాడేలా వేశాడు.

సరిగ్గా అప్పుడే, బండి షెడ్డులో ఉందని కూతురి దగ్గర విని, ఆటో దిగి మామగారు కుంటుకుంటూ వస్తున్నారు.

జడ్జిగారు గరుకు కాగితంతో నాలుగు రుద్దులు రుద్ది, బోల్టు బిగించి లేచారు.

“ఏమైందిరా? ఎవడి నిర్వాకం?” అన్నారు మామగారు.

ఒప్పేసుకుందామని పెయింటరు నోరు తెరిచాడు.

“నాదేరా. పోయినేడు ఈ బోల్టు సరిగ్గా బిగించలేదు,” అన్నారు జడ్జిగారు.

పక్కన టైరుకి గాలి కొడుతున్నవాడు పంపు ఆపేశాడు. జడ్జిగారు తన మీద తనే తీర్పిచ్చుకోవడం ఆ షెడ్డు ఎరగదు. మామగారు పావుగంటసేపు తనివితీరా తిట్టి, మీట నొక్కి బండి స్టార్టు చేసి, రంగు మాత్రం మావాడు భేషుగ్గా వేశాడని నలుగురికీ వినబడేలా చెప్పి వెళ్ళిపోయారు.

బండి మలుపు తిరిగేదాకా చూసి పెయింటరు జడ్జిగారి దగ్గరకొచ్చాడు.

“తప్పు నాది కదండీ, మీరెందుకు మీద వేసుకున్నారు?” అన్నాడు.

“నేరం తిట్లు తట్టుకోగలిగినవాడి మీదే వేస్తానయ్యా ఎప్పుడూ. ఇవాళ నేనొక్కణ్ణే దొరికాను,” అంటూ జడ్జిగారు చేతులు తుడుచుకున్నారు. “నన్నంటావా, మీ మామ నలభై ఏళ్ళుగా తిడుతున్నాడు, పావుగంటకి అలిసిపోతాడు. నిన్ను కొత్తగా తిట్టడం మొదలుపెడితే ఎక్కడ ఆపాలో వాడికి తెలీదు.”