ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఒకే వాక్యం

ట్రైనింగ్ అనే మాట వింటేనే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. వర్ధన్నపేట దాటాక వచ్చే ఒక ఊళ్లో నేను సోషల్ టీచర్‌ని. తొమ్మిదో తరగతికి పంచాయతీల్లో మహిళల రిజర్వేషన్ గురించి చెబుతుంటే ఒక అమ్మాయి లేచి నిలబడింది.

“సర్పంచ్ మా పెద్దమ్మనే గద టీచర్. మరి కుర్చీల మా పెద్దబాపు ఎందుకు కూసుంటాండు? రాజ్యాంగంల గట్ల రాసిన్రా?”

క్లాసంతా నవ్వింది, ఆ పిల్ల తప్ప. అలా రాయలేదని చెప్పాను. “మరి గాయన్ని లెవ్వుమని ఎవరు చెప్పాలె?” అంది. జెండా పండుగకు సర్పంచ్ పేరుమీద ఆహ్వానం రాసి, కొబ్బరికాయ మాత్రం ఆమె భర్త చేత కొట్టించింది మా బడే. రాజ్యాంగం మీద హన్మకొండలో మాకు ట్రైనింగ్ ఉందనీ, అక్కడ అడిగి వచ్చి చెప్తాననీ మాటిచ్చాను.

మూడు రోజుల ట్రైనింగ్ అది. మాకు పాఠం చెప్పడానికి ఆర్పీగా, అంటే రిసోర్స్ పర్సన్‌గా, వచ్చింది మాలాంటి టీచరే. రాజ్యాంగ ప్రవేశికను తెరమీద వేసి అక్షరం పొల్లుపోకుండా చదివాడు. ఇన్నేళ్లుగా పిల్లలకు నేను చదివి వినిపిస్తున్నదే అది. తర్వాత గ్రూపులు చేసి, చార్టుల మీద హక్కుల చెట్టు గీయమన్నాడు. మోకాళ్లు నొప్పులు పెట్టే వయసులో నేలమీద కూర్చుని ఆకులకు ఆకుపచ్చ పులిమాం. దానికి ఫోటోలు కూడా తీశారు. ఎందుకు పులిమానా అని ఆ రాత్రి నన్ను నేనే తిట్టుకున్నాను.

మూడో రోజు ఇక ఆగలేక ఆ పిల్ల ప్రశ్న అడిగేశాను. ఆర్పీ గడియారం వంక చూశాడు.

“ఊరి పంచాయితీలు మనకెందుకు మేడం? సిలబస్‌ల ఉన్నదే చూద్దాం.”

పంచాయతీ గురించి అడిగితే ఊరి పంచాయితీ అంటాడు! పంచాయతీరాజ్ పాఠం ఏ సిలబస్‌లో ఉందో ఆయనకే తెలియాలి. అరికాలి మంట నెత్తికెక్కింది.

సాయంత్రం ఫీడ్‌బ్యాక్ ఫారాలు పంచారు. ఆర్పీ బోర్డు మీద పెద్ద అక్షరాలతో “శిక్షణ ఎంతో ఉపయోగకరంగా ఉన్నది” అని రాసి, అందరూ అదే ఎక్కించుకోవాలన్నాడు. పైకి పంపేవి ఒక్క తీరుగా ఉండాలట. పొద్దున భావ ప్రకటనా స్వేచ్ఛ గురించి గంటసేపు చెప్పిన నోరు అది. నేను అది రాయలేదు. ఆ పిల్ల ప్రశ్ననే ఫారంలో రాసిచ్చాను. ఆయన చదివి, మడిచి జేబులో పెట్టుకుని, కొత్త ఫారం నా ముందు పెట్టాడు.

“జర సమజ్ చేస్కోన్రి మేడం. మీ ఒక్క ఫారం కోసం అందర్ని ఆపాల్సి వస్తాంది.”

“బస్సు పోతది అక్కా, రాసియ్యరాదు,” అంది పక్కనున్న టీచర్.

రాశాను. బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం పెట్టాను. దారంతా ఆయన్ని తిట్టుకున్నాను. ఆయన కంటే ఎక్కువ నన్ను తిట్టుకున్నాను.

మర్నాడు ఆ పిల్ల గేటు దగ్గరే ఎదురుచూస్తోంది.

“అడిగిన్రా టీచర్?”

“అడిగిన బిడ్డా.”

“ఏమన్నరు?”

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. జవాబు చెప్పలేదనీ, వాళ్లు చెప్పిందే రాసి సంతకం పెట్టి వచ్చాననీ చెప్పాను. నామీద కోపం తెచ్చుకున్నా బాగుండేది. ఆ పిల్ల మామూలుగానే తలూపింది.

“మా పెద్దమ్మ గూడ గంతే టీచర్. పెద్దబాపు యాడ చూపెడ్తె ఆడ సంతకం పెడ్తది.”