వరుస తప్పిన బ్యాటరు, నోరు విప్పని అంపైరు

బేస్‌బాల్ ఆటల్లో, బ్యాటరు నిలబడే ప్లేటు వెనక ఆర్డిస్ క్వామ్, రన్నర్లు చుట్టే బేసుల దగ్గర నేను. అలా పదహారేళ్లు కలిసి అంపైర్లుగా నిలబడ్డాం. పాల లారీ నడుపుకునే నార్బర్ట్ కంటే, ఆర్డిస్ పక్కనుండే నార్బర్ట్ అంటేనే మా జిల్లాలో నన్ను గుర్తుపడతారు. ఎన్నో ఆటలు మరిచిపోయాను. ఒక్కటి మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. 1979 ఆగస్టు ఆఖరి ఆదివారం, బ్రాండ్‌విక్‌లో మా లీగ్ ఫైనల్. ఆ రోజు సంగతి చెప్పాలంటే ముందు ఆవిడ సంగతి చెప్పాలి.

హోల్ట్ అనే ఊళ్లో గొడ్డలి కామలూ పార పిడులూ చేసే చిన్న కర్మాగారం ఉండేది. మంచు పడే నెలల్లో వాళ్లు బేస్‌బాల్ బ్యాట్లు కూడా తీసేవాళ్లు. ఆర్డిస్ పద్దెనిమిదో ఏట అక్కడ చెక్కను తిప్పి చెక్కే లేత్ యంత్రం ముందు నిలబడింది. యాష్ అనే గట్టి చెక్క దుంగను చేతిలోకి తీసుకుని వేలి కణుపుతో రెండుసార్లు తట్టి, ఇది బ్యాటుకి పనికొస్తుంది, ఇది పారకి పోతుంది అని విడదీసేది. కర్మాగారం యజమాని ఆమె మాట మీద మళ్లీ పరీక్ష పెట్టేవాడు కాదట.

అంపైర్ అవుతానని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. భర్త సెల్మర్ హోల్ట్ జట్టులో ఆడేవాడు, ఈమె బల్ల దగ్గర కూర్చుని స్కోరు రాసేది. 1970 వేసవిలో ఒక శనివారం వాగు పొంగి, రావాల్సిన అంపైర్ కారు అవతలి గట్టునే ఆగిపోయింది. రెండు జట్లూ గంటసేపు ఎదురుచూశాయి. నిబంధనల పుస్తకం ఈ ఊళ్లో ఆర్డిస్ ఒక్కతే పూర్తిగా చదివింది, ఆవిణ్ణే నిలబెట్టండి అని ఎవరో వేళాకోళానికి అన్నారు. ఆమె పెన్సిలు చెవి మీద పెట్టుకుని లేచి నిలబడింది. ఆ రోజు కాళ్లకి కవచాలు కూడా లేవు. బంతి తగిలి మోకాలి కింద కమిలిపోయినా తొమ్మిది ఇన్నింగ్సూ నిలబడింది. మరుసటి వారమే మొహానికి తగిలించుకునే పాత ఇనుప ముసుగొకటి కొనుక్కుంది.

మొదటి రెండేళ్లూ ఏ ఊరు వెళ్లినా ఎత్తిపొడుపులే. ‘అంపైరమ్మా, పొయ్యి మీద కూర మాడుతోంది, ఇంటికెళ్లు’ అని బెంచీల మీంచి అరిచేవాళ్లు. ఆమె తిరిగి చూసేది కాదు. ఇన్నింగ్స్ మధ్యలో నాతో మాత్రం, కూర సెల్మరే వండుతాడని వీళ్లకి తెలీదు పాపం అనేది.

ఆట మొదలవకముందు ఆమె చేసే తనిఖీ చూడాల్సిందే. రెండు జట్ల బ్యాట్లూ గడ్డి మీద వరసగా పరిపించేది. ఒక్కోదాన్నీ ఎత్తి కణుపుతో తట్టి, చెవి దగ్గర పెట్టుకునేది. పట్టు జారకుండా పిడికి పూసే తారు పద్దెనిమిది అంగుళాలు దాటకూడదు. ఆమె టేపు తెచ్చేది కాదు. ప్లేటు వెడల్పు పదిహేడు అంగుళాలు కదా, బ్యాటుని దాని మీద అడ్డంగా పెట్టి, ఆపైన బొటనవేలి వెడల్పంత వదిలేది. తారు అంతకు మించి కనిపిస్తే బ్యాటు పక్కకి. శిరస్త్రాణంలో వెంట్రుకంత చీలిక కనిపించినా పక్కకే.

1976లో జరిగింది మాత్రం తనిఖీలో దొరికింది కాదు. బ్రాండ్‌విక్ జట్టుకి లవర్న్ స్టీన్ అని పెద్ద బ్యాటర్ ఉండేవాడు. వ్యవసాయ పనిముట్ల దుకాణం అతనిది, ఊరంతా అతని మాట మీద నడిచేది. ఆ రోజు ఏడో ఇన్నింగ్స్‌లో ఎక్కణ్ణుంచో కొత్త బ్యాటు తెచ్చి, బంతిని కంచె అవతలి మొక్కజొన్న చేలోకి పంపాడు. జనం లేచి గంతులేస్తున్నారు. అతను బేసులన్నీ చుట్టి వచ్చి ప్లేటు తొక్కేసరికి, ఆర్డిస్ ఆ బ్యాటు పట్టుకుని నిలబడి ఉంది. కొట్టినప్పుడు వచ్చిన చప్పుడు ఆమెకి నచ్చలేదు. చివరి భాగాన్ని తట్టింది, మళ్లీ తట్టింది, గోటితో రంగు గీకింది. బ్యాటు తేలికై వేగంగా తిరిగేలా లోపల తొలిచి, రంపపు పొట్టు కూరి, జిగురుతో మూసిన గుండ్రటి బిరడా బయటపడింది. లవర్న్ అవుట్, మైదానం నుంచి బయటికి కూడా.

ఆ తర్వాత రెండు వేసవులు బ్రాండ్‌విక్ వాళ్లు ఆమెని తమ ఊరికి పంపొద్దని లీగ్‌కి ఉత్తరాలు రాశారు. ఆమె నలభై మైళ్ల అవతలి ఊళ్లకి వెళ్లి అంపైరింగ్ చేసింది. నేనూ ఆమెతోనే వెళ్లాను.

1979 ఫైనల్‌కి లీగ్ అధ్యక్షుడు పట్టుబట్టి మమ్మల్నే వేశాడు. బ్రాండ్‌విక్ మీద సెయింట్ ఓడిల్. ఇరవై మైళ్ల దూరంలో ఉన్న ఈ రెండు ఊళ్లకీ తాతల నాటి నుంచి పడదు. చర్చిలో ప్రార్థన ముగిసీ ముగియగానే జనం ట్రక్కులు తెచ్చి మైదానం చుట్టూ నిలిపేశారు. సాసేజీల పొగ, బీరు పీపాలు, ఎండ. లవర్న్‌కి మోకాళ్లు పోయి ఇప్పుడు అతను బ్రాండ్‌విక్ మేనేజరు. బ్యాటింగ్ వరుస రాసిన కార్డు ఆమె చేతిలో పెట్టేటప్పుడు మొహం చూడలేదు.

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో సెయింట్ ఓడిల్ మేనేజరు అల్ఫోన్స్ రాడ్‌మాకర్ ఇద్దరు ఆటగాళ్లని మార్చాడు. వరుసలో నాలుగో చోట ప్రోకోష్, ఐదో చోట హెంకెల్ అని ఆర్డిస్‌కి చెప్పాడు. ఆమె కార్డు మీద రాసుకుని, నిబంధన ప్రకారం లవర్న్ దగ్గరికి నడిచి వెళ్లి అదే మాట చెప్పింది. అతనూ రాసుకున్నాడు. పక్కనే ఉన్న నేనూ విన్నాను.

తొమ్మిదో ఇన్నింగ్స్. బ్రాండ్‌విక్ నాలుగు, సెయింట్ ఓడిల్ మూడు. ముగ్గురు అవుటైతే సెయింట్ ఓడిల్ వంతు ముగుస్తుంది, అప్పటికి ఒకడు అవుట్. రెండో బేసు మీద ఒకడు, మూడో బేసు మీద ఒకడు. ఇప్పుడు రావాల్సింది నాలుగోవాడు ప్రోకోష్. కానీ బ్యాటు ఊపుకుంటూ వచ్చినవాడు హెంకెల్.

ఆర్డిస్ వైపు చూశాను. ముసుగు వెనక ఆమె కళ్లు ఒక్క క్షణం నా మీద నిలిచి, బంతి వేసే పిచ్చర్ మీదకి వెళ్లిపోయాయి. ఆమెకి తెలుసు. కానీ వరుస తప్పిన బ్యాటరు సంగతి అంపైర్ బయటపెట్టకూడదు. ఎదుటి జట్టు తనంతట తాను గమనించి అడగాలి. అది కూడా తర్వాతి బ్యాటరుకి మొదటి బంతి వేసేలోపే. ఆ బంతి పడిందా, జరిగిందంతా చెల్లిపోతుంది.

హెంకెల్ రెండో బంతినే కొట్టాడు. ఇద్దరు ఫీల్డర్ల మధ్య నుంచి కంచె దాకా దొర్లింది. బేసుల మీదున్న ఇద్దరూ ఇంటికి, అంటే ప్లేటు దగ్గరికి, చేరారు. అయిదు నాలుగు. సెయింట్ ఓడిల్ ట్రక్కుల హారన్లు ఒక్కసారిగా మోగాయి. హెంకెల్ రెండో బేసు మీద నా పక్కనే నిలబడి పళ్లికిలిస్తున్నాడు. అటు ప్రోకోష్ తాపీగా ప్లేటు దగ్గరికి నడిచొస్తున్నాడు. తన వంతు దాటిపోయిందని వాడికీ తెలీదు.

ఆర్డిస్ జేబులోంచి బ్రష్షు తీసింది. పరుగులు వచ్చాక ప్లేటు తుడవడం ఆమె అలవాటు. ఎప్పుడూ మూడుసార్లు తుడుస్తుంది. నాలుగోసారి తుడిస్తే కార్డు చూసుకునే సమయమిచ్చి లవర్న్‌కి సాయం చేసినట్టు, రెండుసార్లకే ఆపితే అల్ఫోన్స్‌కి సాయం చేసినట్టు. నేను లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. బ్రష్షు జేబులో పెట్టి, ముసుగు దించుకుని, ఆడమని పిచ్చర్‌కి చెయ్యి చూపించింది.

లవర్న్ బెంచీ మెట్టు మీద తల దించుకుని కూర్చున్నాడు. ఓడిపోతున్నవాడు కూర్చునే తీరు అది. కార్డు మోకాలి మీద ఉంది. ప్లేటు వెనక బంతి పట్టే క్యాచరు చేసిన సైగని పిచ్చర్ అందుకున్నాడు. బంతిని ఛాతీ దగ్గరికి తెచ్చాడు. అంతలో లవర్న్ తల ఎత్తి ప్రోకోష్‌ని చూశాడు, కార్డు చూశాడు, మళ్లీ ప్రోకోష్‌ని చూశాడు. పాడైపోయిన ఆ మోకాళ్లతోనే మైదానంలోకి ఉరికాడు. టోపీ ఎగిరి ఎక్కడో పడింది. “ఆపండి, ఆట ఆపండి” అని కేక పెట్టాడు.

ఆర్డిస్ రెండు చేతులూ పైకెత్తింది.

“వాళ్లు వరుస తప్పారు,” అన్నాడు లవర్న్ రొప్పుతూ. “ఇందాక ఆడాల్సింది ప్రోకోష్. హెంకెల్ ఆడాడు.”

ఆమె కార్డు తీసి ఒకసారి చూసింది. “నిజమే,” అంది.

అల్ఫోన్స్ పొట్ట ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. “తెలిసి కూడా నోరు మూసుకున్నావా తల్లీ? ముందే ఓ మాటంటే నీ సొమ్మేం పోయింది?”

“నీకూ చెప్పకూడదు, ఆయనకీ చెప్పకూడదు, అల్ఫోన్స్. ఆ రెండు పరుగులూ చెల్లవు. రన్నర్లు వెనక్కి వెళ్లాలి.”

లవర్న్ మొహం వెలిగిపోయింది. “అయితే హెంకెల్ అవుట్.”

“హెంకెల్ కాదు. ప్రోకోష్ అవుట్.”

“వాడు బ్యాటు ఊపనైనా లేదు కదా?” అన్నాడు అల్ఫోన్స్.

“తన వంతుకి రాలేదు, అందుకే అవుట్. కొట్టిన దెబ్బ లెక్కలోకి రాదు.” ఆమె లవర్న్ వైపు తిరిగింది. “ఇప్పుడు ప్రోకోష్ తర్వాత ఎవరు?”

లవర్న్ కార్డు చూశాడు. వెలిగిన మొహం వెంటనే ఆరిపోయింది. “హెంకెల్,” అన్నాడు.

“అయితే హెంకెల్ ఆడాలి. వాణ్ణి రమ్మనండి.”

కొట్టినవాడే మళ్లీ వచ్చి కొట్టాలి. ఈసారి ఇద్దరు అవుట్, స్కోరు తిరిగి నాలుగు మూడు. జనానికి ఇది అర్థమవడానికి రెండు నిమిషాలు పట్టింది. అర్థమయ్యాక ఎవరూ కూర్చోలేదు. బీరు పీపా దగ్గరివాళ్లు కూడా గ్లాసులు వదిలేసి కంచెకి వచ్చి వేలాడారు.

హెంకెల్ గీతల మధ్య నిలబడ్డాడు. లవర్న్ చివరి ప్రయత్నంగా వాడి బ్యాటు పరీక్ష చెయ్యమన్నాడు. అవతలి వైపు నుంచి ఎవడో గట్టిగా, “లవర్న్, లోపల రంపపు పొట్టు నీదేనేమో చూసుకో” అన్నాడు. మైదానమంతా గొల్లున నవ్వింది. ఆర్డిస్ నవ్వలేదు. బ్యాటు తీసుకుంది, ప్లేటు మీద అడ్డంగా పెట్టి తారు చూసింది, చివర తట్టి విన్నది, తిరిగిచ్చేసింది. బాగానే ఉంది, ఆడమంది.

రెండు స్ట్రైకులు, రెండు బాల్స్; ఇంకో స్ట్రైక్ పడితే అవుట్. ఆపైన వరసగా నాలుగు బంతులు పక్కకి కొట్టి బతికాడు హెంకెల్. అయిదో బంతి మూడో బేసు పక్క నుంచి ఎడమ వైపు ఫీల్డులోకి రివ్వున దూసుకుపోయింది. మూడో బేసు మీదివాడు నడిచినట్టే వచ్చేశాడు. నాలుగు నాలుగు. రెండో బేసు మీదివాడు, వాడి పేరు వెబర్, ఎద్దులాంటి మనిషి, మూడో బేసు మలుపు తిరిగి ఆగకుండా ఇంటివైపు దూకాడు. ఫీల్డర్ బంతి విసిరాడు. బంతి, వెబర్, క్యాచరు, ముగ్గురూ ఒకేసారి ప్లేటు దగ్గర కలిశారు. దుమ్ము మేఘంలా లేచింది.

నాకేమీ కనబడలేదు. ఆర్డిస్ ముసుగు తీసి పారేసి, దాదాపు నేల మీద పాక్కుంటూ లోపలికి చూస్తోంది. అవుటనమని బ్రాండ్‌విక్ జనం ఒకే గొంతుతో అరుస్తున్నారు. ఆమె చెయ్యి లేవలేదు. ఒక్క క్షణం, రెండు. అప్పుడు క్యాచరు తొడ కింద నుంచి బంతి మెల్లగా దొర్లి గడ్డి మీదికొచ్చింది. బంతి క్యాచరు పట్టులో నిలవలేదు, ఆమె రెండు చేతులూ అడ్డంగా చాపింది. సేఫ్.

అయిదు నాలుగు. కాసేపటి క్రితం ఆమెని దేవతలా చూసిన బ్రాండ్‌విక్ జనమే ఇప్పుడు బెంచీల మీది దిండ్లు విసిరారు. ఆమె ఒక్కొక్కటీ తీసి కంచె మీద ఆనించి ఆట మొదలుపెట్టింది. తర్వాతివాడు అవుటయ్యాడు. తమ వంతుగా మిగిలిన ఆఖరి అర ఇన్నింగ్స్‌లో బ్రాండ్‌విక్ వాళ్లు ఒకణ్ణి మూడో బేసు దాకా తెచ్చారు కానీ ఇంటికి తేలేకపోయారు.

ఆట అయ్యాక ఆమె ట్రక్కు వెనక తలుపు దించి కూర్చుని కాళ్ల కవచాలు విప్పుకుంటోంది. ఒక పట్టీ బిగుసుకుపోయి ఊడటం లేదు. నేనే విప్పాను. భయమేసిందా అనడిగాను. భయం కాదు నార్బర్ట్, ఇంతగా ఎప్పుడూ ఆనందపడలేదు అంది.

లవర్న్ వచ్చి మా ముందు నిలబడ్డాడు. టోపీ చేతిలో నలుపుకున్నాడు.

“హెంకెల్ వచ్చినప్పుడే నీకు తెలుసు కదా?” అన్నాడు.

“తెలుసు.”

“నేను చూసుకోకపోయుంటే?”

“చూసుకోకపోయుంటే ఆ పరుగులు చెల్లిపోయేవి. నేను ఏమీ అనేదాన్ని కాదు.”

“నాకు చెప్పాలనిపించలేదా?”

“అనిపించింది, లవర్న్. నీ మీద కోపంతో చెప్పకూడదనీ అనిపించింది. అందుకే రెండూ వినలేదు.”

అతను తల ఊపి వెళ్లిపోయాడు. క్షమించమనలేదు, ఆమె ఆశించనూ లేదు. కానీ నవంబరులో లీగ్ సమావేశంలో, రాష్ట్ర పోటీలకి ప్లేటు వెనక ఎవరిని పంపాలన్న ప్రశ్న వచ్చింది. ఆడమనిషిని పంపితే నవ్వుతారని ఒక మేనేజరు గొణిగాడు. నేను లేచేలోపే లవర్న్ లేచాడు. “నా జీవితంలో నన్ను రెండుసార్లు ఏడిపించింది ఆవిడే,” అన్నాడు. “మొదటిసారి తప్పు నాది, రెండోసారి బంతి వదిలేసిన మా క్యాచరుది. ఆవిణ్ణి పంపండి.” పదకొండు ఓట్లలో తొమ్మిది ఆమెకి పడ్డాయి.

1980లో రాష్ట్ర పోటీలకి సెల్మర్, నేను, హోల్ట్ కర్మాగారం మొత్తం వెళ్లాం. అయిదువేల మంది జనం. ఆమె అన్ని బ్యాట్లూ పరిపించి, తట్టి, మూడింటిని పక్కన పడేసింది. తారు ఎక్కువైన ఒక కుర్రాడు ఎదురు మాట్లాడబోతే, వాళ్ల మేనేజరే వాడి చెవి పట్టుకుని వెనక్కి లాక్కెళ్లాడు. తర్వాత ఆమె వంగింది, పిచ్చర్ మొదటి బంతి వేశాడు, మోకాలి ఎత్తులో ప్లేటు అంచు తాకుతూ వచ్చింది. ఆమె స్ట్రైక్ అని పెట్టిన కేకకి నా పక్కన కూర్చున్న సెల్మర్ చేతిలో ఉన్న మొక్కజొన్న కండె కింద పడిపోయింది. దాన్ని తీసుకోవడం మరిచిపోయి, మా ఆవిడే, మా ఆవిడే అంటూ ముందు వరసలో వాళ్ల భుజాలు కుదిపాడు.