లాన్స్ ట్రెలోర్ వ్రాసిన జన్మపత్రాలు

లాన్స్ ట్రెలోర్ ఏ కారునైనా దాని కిందకు దూరి చూడనిదే అది ఏ దేశపుదో చెప్పేవాడు కాదు. ముందు భాగంలో మెరిసే కంపెనీ బిళ్ళను అతడు ఎన్నడూ లక్ష్యపెట్టలేదు. "అది టోపీ. టోపీ ఎవడైనా పెట్టుకుంటాడు" అనేవాడు. నాలుగు చిన్న చక్రాలు బిగించిన చెక్కపలక, టార్చిలైటు, భూతద్దం. అతని న్యాయస్థానం అంతే.

ఆస్ట్రేలియాలో అడిలైడ్ నగరానికి ఉత్తరాన ఉన్న మా పేటలో స్వదేశీ కార్ల సంఘం ఒకటి ఉంది. నోయెల్ ఫిట్జ్‌నర్ అనే నేను దానికి పంతొమ్మిది సంవత్సరాలుగా కార్యదర్శిని. అంతకు పూర్వం పురపాలక కార్యాలయంలో లేఖలకు నకళ్ళు వ్రాసేవాణ్ణి. ఏటా మార్చి నెలలో ఫుట్‌బాల్ మైదానంలో మా ప్రదర్శన జరుగుతుంది. ఈ దేశంలో తయారైన కార్లు కంచె లోపల నిలుస్తాయి. తక్కినవి బయట, యూకలిప్టస్ చెట్ల కింద. ఏది లోపలికి రావలెనో నిర్ణయించే అధికారం లాన్స్‌ది. అతడు మా ఊరి కార్ల కర్మాగారంలో ముప్పైయొక్క సంవత్సరాలు పనిచేసి, అది మూతపడిన రోజున ఆఖరుగా గేటు దాటినవాడు.

అతని తీర్పులు వినడానికే కొందరు వచ్చేవారు. ఒకసారి రొట్టెల దుకాణం యజమాని డగ్ హెనెకర్ తన కారు పక్కన గంటసేపు నిలబడి విసిగిపోయాడు.

"ఇంతకీ నా బండి మనదేనా, కాదా?"

పలక మీదినుంచి సమాధానం వచ్చింది. "ఇంజను మెక్సికో. గేరుపెట్టె జపాను. తలుపులు మనవి. సీట్లు థాయిలాండు. హారను ఏ దేశానిదో తెలీడం లేదు గానీ, దానికెవరూ మర్యాద నేర్పలేదు."

"మొత్తం మీద ఏమంటావు?"

"మొత్తం మీద ఎలా చెప్పనయ్యా, ఇంకా వెనక చక్రాల దాకా రాలేదు."

డగ్ కూతురి వివాహానికి కూడా అతడు ఆ పలకను వెంట తెచ్చుకున్నాడు. వధువు చర్చి మెట్ల మీద నిలబడి ఉండగా, అలంకరించిన కారు కిందనుంచి రెండు బూట్లు మాత్రమే కనబడుతున్నాయి.

"లాన్స్, బయటికి రావయ్యా. పిల్ల ఎండలో నిలబడింది" అన్నాడు డగ్.

"పిల్ల ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. కారు సంగతే తేలలేదు."

తొమ్మిది దేశాల భాగాలు, పదో దేశపు పెట్టుబడి, పదకొండో దేశంలో గీసిన నమూనా. ఇటువంటి కారుకు దేశాన్ని ఎట్లా నిర్ణయిస్తావని నేను అతణ్ణి అడిగాను.

"బోల్టులు బిగించినవాళ్ళు మధ్యాహ్నం ఎక్కడ కూచుని తిన్నారో, అదే దాని దేశం."

"నిబంధనలలో అలా వ్రాయడానికి వీలుపడదు, లాన్స్."

"అందుకే నేను పెన్సిలుతో రాసుకుంటా."

నిజంగానే, పరీక్షలో నెగ్గిన ప్రతి కారుకూ అతడు ఏటా పెన్సిలుతో ఒక జన్మపత్రం వ్రాసేవాడు. నేను దానిని సిరాతో సంఘపు పుస్తకంలోకి ఎక్కించేవాణ్ణి.

ఇక్కడినుంచి వ్రాయడానికి నాకు సిగ్గుగా ఉన్నది. అయినా నకలులో వాక్యం విడిచిపెట్టే అలవాటు నాకు లేదు.

కర్మాగారం మూతపడి పది సంవత్సరాలు నిండిన సందర్భంగా, ఈ ఏడు ప్రదర్శనలో పూర్వ కార్మికులు తాము చేసిన కార్లలో మైదానం చుట్టూ ఒక ప్రదక్షిణ చేయవలెనని నిశ్చయించాము. కంచె లోపలి కార్లకే అందులో అర్హత. దరఖాస్తులు నూట ఇరవై దాటాయి. లాన్స్ పద్ధతిలో చూస్తే పరీక్ష క్రిస్మసుకు గాని ముగియదు. కావున "కారు దేశమును కంపెనీ బిళ్ళనుబట్టి కార్యదర్శియే నిర్ణయించవలెను" అని సభలో ఒక తీర్మానం పెట్టాను. అందరూ చేతులెత్తారు. లాన్స్ పలకను చంకలో పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆ తరువాతి వారంలోనే థూయ్ లామ్ అనే ఆమెకు నేను లేఖ వ్రాశాను. వియత్నాంనుంచి వచ్చి, అదే కర్మాగారంలో ఇరవైనాలుగేళ్ళు బోల్టులు బిగించిన మనిషి. "మీ దరఖాస్తును క్షుణ్ణంగా పరిశీలించిన మీదట, సదరు వాహనము విదేశీయమైనదిగా నిర్ధారింపబడినది. కావున ప్రదక్షిణయందు ప్రవేశము నిరాకరించడమైనది." నేను పరిశీలించినది ఆమె పంపిన ఫొటోలోని జపాను కంపెనీ బిళ్ళ ఒక్కటే. ఒకప్పుడు మా కర్మాగారంలో ఒకే వరుసలో ఒకే కారు తయారు చేసి, కొన్నింటికి ఇక్కడి బిళ్ళ, కొన్నింటికి జపాను బిళ్ళ తగిలించి అమ్మేవారు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, నాకూ తెలుసు. కాని తీర్మానంలో బిళ్ళ అని ఉన్నది, ఆ మాట నాదే.

ప్రదర్శననాడు థూయ్ వచ్చింది. కారును కంచె బయట చెట్టు కింద నిలిపింది. నేను వెళ్ళేసరికి దాని కిందనుంచి రెండు పరిచితమైన బూట్లు కనబడ్డాయి.

"లాన్స్, ఈ విషయమై నిర్ణయం జరిగిపోయింది" అన్నాను.

"నీ నిర్ణయం నువ్వు నిలబడి చేశావు. ఒకసారి పడుకుని చెయ్యి" అంటూ అతడు బయటికి జారి, పలకను నా వైపు తోశాడు.

"నేను టై కట్టుకుని ఉన్నాను."

"దానికేం పర్లేదు, కారు చూడదులే."

థూయ్ తల పక్కకు తిప్పుకుంది. నవ్వు ఆపుకున్నదని నా అనుమానం. నేను పడుకున్నాను. టార్చి వెలుగులో ఒక బోల్టు మీద పసుపు రంగు చుక్క కనబడింది. చుక్క కింద చిన్న తోక.

"బోల్టు బిగించాక రంగు పెట్టాలి. అందరూ గీత గీసేవాళ్ళు. ఈవిడ మాత్రం చుక్క పెట్టి తోక లాగేది. ఫోర్‌మన్ ఎన్ని తిట్లు తిట్టినా మానలేదు" అన్నాడు లాన్స్.

"తోక లేకపోతే నాది అని ఎట్లా తెలుస్తుంది, లాన్స్ అన్నా?" అన్నది థూయ్. తరువాత నాతో, "అయ్యా, నా కారును లోపల నిలపకపోయినా ఫర్వాలేదు. ఆ ఒక్క చుట్టు తిరిగితే చాలు. మా వరుసలో మిగిలినవాళ్ళందరూ వచ్చారు" అన్నది.

నేను లేచి, నా లేఖను అక్కడికక్కడే ఉపసంహరించుకుంటున్నానని నోటిమాటగా తెలియజేశాను. లోపల వరుసలు నిండిపోయాయి గాని, చోటు సంగతి తరువాత చూడవచ్చుననుకున్నాను. ఉత్సాహంలో నాకొక ఆలోచన వచ్చింది.

"నా కారు కింద కూడా మీ గుర్తు ఉండి ఉంటుంది. చూద్దాం పదండి" అన్నాను. ఇక్కడి కంపెనీ బిళ్ళ తగిలించిన నా బ్రోల్గా అనే వ్యాను పద్నాలుగు సంవత్సరాలుగా ముందు వరుసలో మొదటి స్థానంలో నిలుస్తున్నది.

లాన్స్ పలకకు అడ్డం వచ్చాడు. "ఇప్పుడెందుకులే నోయెల్. బట్టలు పాడవుతాయి."

"అవి ఇప్పటికే పాడయ్యాయి."

"కింద తడిగా ఉంది."

"వాన కురిసి నెలయింది, లాన్స్."

నేను పలకను లాక్కుపోయి వ్యాను కిందకు దూరాను. పసుపు చుక్క లేదు. గీత కూడా లేదు. ఇనుము మీద పోతపోసిన అక్షరాలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి: బెల్జియం. మరొకచోట వెదికాను. అక్కడ కూడా బెల్జియమే.

చాలాసేపటికి బయటికి వచ్చి, పుస్తకం తెరిచి, నా కారు జన్మపత్రాల నకళ్ళు పద్నాలుగూ చదివాను. ప్రతి పత్రంలోనూ జన్మస్థలం అనే గడిలో లాన్స్ మాటలు నా దస్తూరీలో ఉన్నాయి. "ఆకాశము నిర్మలం." "గాలి కొంచెం హెచ్చు." "ఈగలు లేవు." పద్నాలుగేళ్ళూ ఒక్క అక్షరం పొల్లుపోకుండా ఎక్కించాను. ఒక్కసారీ చదవలేదు.

"ఆ సంవత్సరం ఈ రకం వ్యాన్లన్నీ అక్కణ్ణించి ఓడలో తెప్పించార్లే" అన్నాడు లాన్స్ నేలచూపులు చూస్తూ. "మొదటేడే చెబుదామనుకున్నా. నువ్వు పళ్ళు తోముకునే బ్రష్షుతో చక్రాలు తోముతున్నావు. ఆ మాట చెబితే మళ్ళీ తోముతావా?"

"నీవు అబద్ధం వ్రాయవు గదా."

"రాయలేదుగా. ఆ రోజు ఈగలు నిజంగానే లేవు."

ఏ మనిషి నా పరువును పద్నాలుగేళ్ళు వెల్లకిలా పడుకుని కాపాడాడో, ఆ మనిషి పనిని నేను ఒక్క తీర్మానంతో తీసివేశాను. క్షమాపణకు తగిన వాక్యం నాకు తెలిసిన ఏ నమూనా లేఖలోనూ లేదు. అందుచేత కారెక్కి, దానిని గేటు దాటించి, చెట్టు కింద నిలిపాను. డగ్ హెనెకర్ నోరు తెరిచి చూస్తుండిపోయాడు.

ఖాళీ అయిన మొదటి స్థానంలోకి థూయ్ కారు వెళ్ళింది. ప్రదక్షిణలో అదే ముందు నడిచింది. లాన్స్ ఆమె పక్క సీటులో కూర్చుని, దారి పొడవునా ఏదో వాదిస్తున్నాడు. ఆమె ఒక చేత్తో అతణ్ణి వారిస్తూ, రెండో చేత్తో హారను మోగిస్తున్నది.

నేను మట్టికొట్టుకున్న టైతో గేటు దగ్గర నిలబడ్డాను. ఆలస్యంగా వచ్చిన దంపతులెవరో కారు అద్దం దించారు.

"అయ్యా, విదేశీ కార్లు ఎక్కడ పెట్టుకోవాలి?"

"ఇటు రండి" అన్నాను. "నా కారు పక్కన మంచి నీడ ఉన్నది."