అమ్మవారు తిన్న ఉలవలు

ఒక పళ్లెం ఉలవల కోసం నేనొకసారి ఊరు ఊరంతటినీ ముంచబోయాను. మా అత్తగారు బతికుంటే ఈ కథ ఆవిడే చెప్పేది, నాకంటే బాగా, నన్ను ఇంకాస్త తిడుతూ.

అది యాభైల నాటి మాట. జగ్గయ్యపేటలో పుట్టి, నందిగామ దగ్గర పల్లెకి కోడలిగా వచ్చాను. అప్పటికి కడుపుతో ఉన్నాను. ఆ ఏడు ఊళ్లో గొడ్లకి జబ్బు తగిలింది. మా అత్తగారు పుట్టింటి నుంచి తోలుకొచ్చుకున్న గేదె మేత ముట్టక, లేవక, పాకలో కొయ్యబొమ్మలా పడి ఉంది. పెద్దలు కూర్చుని ఊరికి కట్టు పెట్టారు. పొలిమేర చుట్టూ బలి అన్నం చల్లి వచ్చేదాకా ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగకూడదు. వెలిగిన ఇంటికి అమ్మవారే నడిచి వస్తుందట. వచ్చి ఆ ఇంటి గొడ్డునే తీసుకుపోతుందట.

"మరి ఆకలేస్తేనో, అత్తయ్యా?" అన్నాను.

"ఊరందరికీ ఆకలే. నీ ఒక్కదానికే వేరే కడుపుందా?" అంది. పాకలో చాలాసేపు ఏదో తంతు చేసి, కళ్లొత్తుకుంటూ జనంతో వెళ్లిపోయింది. కడుపుతో ఉన్నవాళ్లు బలి చూడకూడదని నన్ను ఇంట్లోనే వదిలారు.

మా పేటలో ఎవరికి ఆకలేస్తే వాళ్లు పొయ్యి ముట్టించుకుంటారు. కడుపు నాది, పొయ్యి నాది, మధ్యలో ఊరి పెత్తనమేమిటనుకున్నాను. గేదె కోసం నానబెట్టిన ఉలవలు అలాగే ఉన్నాయి. పొయ్యి మీద పడేశాను. పొగ బయటికి పోతే దొరికిపోతానని చేటతో నా మొహానికే విసురుకున్నాను. తన కళ్లలో తనే కారం కొట్టుకునే దొంగని మీరెప్పుడూ చూసి ఉండరు.

ఉడికిన ఉలవలు పళ్లెంలో ఆరబోశాక, అప్పుడు గమనించాను. బయట ఏ చప్పుడూ లేదు. కోడి లేదు, కుక్క లేదు, రోకటిపోటు లేదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఊరు ఊపిరి బిగబట్టింది. దూరపు డప్పు కూడా ఆగిపోయింది.

దొడ్లో గంట మోగింది. ఒక్కసారి. కాసేపటికి మళ్లీ, ఇంకాస్త దగ్గరగా. ఆ గంట చప్పుడు మా ఇంట్లో నేనెన్నడూ వినలేదు.

బరువైన అడుగులు ఆగి ఆగి గుమ్మం దాకా వచ్చాయి. తలుపు సందులోంచి చూశాను. పసుపు పూసిన నుదురు. అరచేతంత కుంకుమ. వేపమండలు. వాటి మధ్య నన్నే చూస్తున్న పెద్ద నల్లటి కన్ను.

గడియ వేయలేదని అప్పుడు గుర్తొచ్చింది. తలుపు కిర్రుమంటుంటే చేట నెత్తిన బోర్లించుకుని, మూలన కూలబడి కళ్లు మూసుకున్నాను.

"తల్లీ, గేదెని తీసుకుపోకు. అది మా అత్తయ్య ప్రాణం. కావాలంటే ఉలవలన్నీ నువ్వే తిను."

మెడ మీద వెచ్చటి ఊపిరి తగిలింది. తర్వాత పళ్లెం గలగలమంది. దేవతలు అంత చప్పుడు చేస్తూ తింటారని మాకెవరూ చెప్పలేదు.

కళ్లు తెరిచేసరికి గుమ్మంలో మా అత్తగారు. వంటింటి నడుమ నాలుగు కాళ్ల మీద నిలబడి పళ్లెం నాకుతున్న ఆవిడ గేదె. నుదుట ఆవిడ పొద్దున పెట్టిన బొట్టు, మెడలో మొక్కుకుని కట్టిన కొత్త గంట, వేపదండ.

అత్తగారు ఒక్క అంగలో లోపలికొచ్చింది. గేదె మూతిని కొంగుతో గబగబా తుడిచి దొడ్లోకి తోలింది. ఊరివాళ్లు వచ్చి, లేచి నిలబడ్డ గేదెకి దండాలు పెట్టారు.

"ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు కాబట్టే అమ్మ కరుణించింది," అన్నాడు పెద్దాయన.

"అంతా కట్టు మహిమేనండి," అంది మా అత్తగారు.

వాళ్లు వెళ్లాక పొయ్యి మీద చెయ్యి పెట్టి చూసి, నా పక్కన కూర్చుంది. "కుండలో ఏవన్నా మిగిలాయటే? పొద్దుట్నించి ఏం తినలా."

అడుగున గుప్పెడు ఉన్నాయి. ఇద్దరం తింటుండగా అడిగింది, "గేదె పలుపు నువ్వే విప్పావా?"

"లేదత్తయ్యా. నేను పాక వైపే పోలా."

"ముడి నేనే వేసి వెళ్లా," అంది.

నములుతున్నవాళ్లం ఆగిపోయాం. ఇద్దరం తలుపు వైపు చూశాం.

ఆ రోజే అత్తాకోడళ్లం పొయ్యి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాం. ఊరంతా పొయ్యి వెలిగించకూడదన్న రోజున, దొడ్డి తలుపు గడియ వేయకుండా ఈ జన్మలో మళ్లీ పొయ్యి వెలిగించం.